పై చదువుల లెక్క అమ్మకీ తెలియాలి

ఉప్పూ పప్పూ దగ్గర్నుంచి గ్యాస్ బండ దాకా ఇంటి లెక్కలన్నీ మన చేతి మీదుగానే నడుస్తాయి. చీటీ ఈ నెల పాడాలా, వచ్చే నెల పాడాలా అన్నది మనల్ని అడగాల్సిందే. పాలవాడి నాగాలు లెక్కపెట్టేదీ మనమే. కానీ పిల్లల పై చదువుల మాట వచ్చేసరికి మాత్రం "నీకు తెలీదులే, ఊరుకో" అనేస్తారు. మనమూ నిజమే కాబోలనుకుని, కాఫీ గ్లాసులు అందించి వంటింట్లోకి వచ్చేస్తాం. లక్షల రూపాయల ఖర్చు, పిల్లల వయసులో రెండు మూడేళ్ళ కాలం తేలిపోయేది ఆ హాల్లోనే మరి!

నేను చదివింది ఇంటర్. అయినా మా ఇంట్లో ఒకే వేసవిలో రెండు పీజీ చదువుల చర్చ వచ్చినప్పుడు మాత్రం హాల్లోంచి కదల్లేదు. మా పెద్దమ్మాయి బి.టెక్. మెకానికల్ పూర్తి చేసి "అమ్మా, ఏరోస్పేస్ లో ఎం.టెక్. చేస్తాను" అంది. మా ఇంట్లోనే ఉండి బి.కాం. చదువుకున్న మా ఆడపడుచు కొడుకేమో "అత్తయ్యా, ఎం.కాం. చేరనా, సి.ఎ. చేయనా?" అన్నాడు. ఒకటి ఆకాశంలో చదువు, ఇంకొకటి ఖాతా పుస్తకాల చదువు. ఆ రెంటి గురించి నేను అడిగి, వెతికి తెలుసుకున్న సంగతులు మీకూ పనికొస్తాయని రాస్తున్నాను.

రెండూ లెక్కల చదువులే!

చూడ్డానికి ఈ రెండు చదువులకీ సంబంధమే లేదనిపిస్తుంది. కానీ రెండింట్లోనూ లెక్క తప్పితే నష్టం మామూలుగా ఉండదు.

అమెరికా వాళ్ళ నాసా 'మార్స్ క్లైమేట్ ఆర్బిటర్' అనే నౌకని అంగారకుడి మీదికి పంపింది. 1999 సెప్టెంబరు 23న అది గ్రహం దగ్గరికి చేరి మరీ చేజారిపోయింది. కారణం తెలిస్తే నవ్వాలో ఏడవాలో తెలీదు. ఒక బృందం పౌండ్ల కొలతలో లెక్కలిస్తే, రెండో బృందం వాటిని న్యూటన్ల కొలత అనుకుని వాడింది. మనింట్లో ఒకరు సోలతో, ఇంకొకరు కిలోలతో బియ్యం కొలిచి, రెండూ ఒకటే అనుకున్నట్టు!

ఇక ఖాతాల సంగతికొస్తే, మన హైదరాబాద్ సత్యం కంప్యూటర్స్ గుర్తుందిగా? 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రాసిన ఉత్తరంతో దేశమంతా ఉలిక్కిపడింది. పుస్తకాల్లో చూపించిన డబ్బులో 5,040 కోట్లు అసలు లేనే లేవని అందులో ఒప్పుకున్నారు. ఎంతమంది ఉద్యోగులు, ఎంతమంది షేర్లు కొన్న మధ్యతరగతి వాళ్ళు అల్లాడిపోయారో! అకౌంట్స్ చదువంటే బల్ల ముందు కూర్చుని అంకెలు కూడడమే అనుకునేవాళ్ళు ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే చాలు.

ఏరోస్పేస్ అంటే పైలట్ చదువు కాదు

చాలామంది పొరబడేది ఇక్కడే. ఏరోస్పేస్ ఇంజనీరింగ్ చదివితే విమానం నడపరు. విమానాన్నీ, రాకెట్టునీ, ఉపగ్రహాన్నీ తయారుచేసే విద్య అది. అందులో ముఖ్యమైన భాగాలు నాలుగు. గాలి రెక్క మీద ఎలా పనిచేస్తుందో చెప్పేది ఏరోడైనమిక్స్. కదిలే బస్సు కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి కాస్త వంచితే చెయ్యి పైకి లేస్తుంది చూడండి, అదీ ఆ పాఠమే. ఇంజను తోసే శక్తి గురించిన పాఠం ప్రొపల్షన్. తేలిగ్గానూ ఉండాలి, విరగకూడదూ... అలాంటి ఒళ్ళు తయారుచేయడం స్ట్రక్చర్స్. ఎగిరేదాన్ని అదుపులో ఉంచడం ఫ్లైట్ మెకానిక్స్, కంట్రోల్.

బి.టెక్. లో ఏరోనాటికల్ చదివినవాళ్ళకే ఇందులో ఎం.టెక్. ఇస్తారన్న భయం అక్కర్లేదు. మెకానికల్ వాళ్ళని చాలా సంస్థలు తీసుకుంటాయి. కొన్ని విభాగాల్లో సివిల్, ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ వాళ్ళకీ అవకాశం ఉంటుంది. అగ్ని క్షిపణుల ప్రాజెక్టు డైరెక్టర్ గా దేశమంతా పేరు తెచ్చుకున్న టెస్సీ థామస్ గారు డిగ్రీలో చదివింది ఎలక్ట్రికల్! ఆ తరువాత పుణెలో గైడెడ్ మిసైల్స్ లో పీజీ చేసి, మన హైదరాబాద్ లోని రక్షణ పరిశోధనా సంస్థల్లో పనిచేశారు.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ లో ఈ విభాగం 1942 నుంచీ ఉంది. బొంబాయి, మద్రాసు, కాన్పూరు, ఖరగ్‌పూర్ ఐ.ఐ.టి.ల్లో ఏరోస్పేస్ విభాగాలున్నాయి. హైదరాబాద్ ఐ.ఐ.టి.లో మెకానికల్, ఏరోస్పేస్ కలిపి ఒకే విభాగం. తిరువనంతపురంలో అంతరిక్ష శాఖ 2007లో పెట్టిన ఐ.ఐ.ఎస్.టి. కూడా ఉంది.

గేట్ దాటితే నెలనెలా డబ్బు

ఈ సంస్థల్లో ఎం.టెక్. సీటుకి రాయాల్సిన పరీక్ష పేరు గేట్. మామూలుగా ఆగస్టు, సెప్టెంబరుల్లో అప్లికేషన్లు తీసుకుంటారు. పరీక్ష ఫిబ్రవరిలో, ఫలితాలు మార్చిలో వస్తాయి. మూడు గంటల పరీక్ష, 100 మార్కులు. బి.టెక్. మూడో సంవత్సరంలో ఉన్నవాళ్ళు కూడా రాయొచ్చు. ఒకసారి వచ్చిన స్కోరు మూడేళ్ళు చెల్లుతుంది. ఏరోస్పేస్ కి విడిగా పేపరు ఉంది. మెకానికల్ పేపరు రాసినవాళ్ళనీ కొన్ని చోట్ల తీసుకుంటారు. ఏ సంస్థ ఏ పేపరు ఒప్పుకుంటుందో ముందే చూసుకోవాలి. స్కోరు వస్తే సీటు దానంతటదే ఇంటికి రాదండోయ్! ఒక్కో సంస్థకీ విడిగా అప్లై చేయాలి.

అసలు విషయం ఇప్పుడు చెప్తాను. గేట్ స్కోరుతో ఎం.టెక్. లో చేరినవాళ్ళకి ప్రభుత్వం నెలకి 12,400 రూపాయల స్కాలర్‌షిప్ ఇస్తుంది. రెండేళ్ళకి లెక్కేస్తే 2,97,600. దానికి బదులుగా ఐ.ఐ.టి.ల్లో వారానికి ఎనిమిది గంటలు ల్యాబుల్లోనో, చిన్న తరగతులకో సాయం చేయాలి. హాస్టల్, మెస్ ఖర్చుకి పిల్లలు నాన్న దగ్గర చెయ్యి చాచే పని చాలా వరకు తప్పుతుంది.

ఇంకొక మాట. ఇస్రోలో సైంటిస్టు ఉద్యోగానికి ఏరోస్పేస్ ఎం.టెక్. తప్పనిసరి అనుకుంటారు. కాదు. ఇస్రో ఎక్కువగా నియమించుకునేది మెకానికల్, ఎలక్ట్రానిక్స్, కంప్యూటర్ సైన్స్ వాళ్ళని. దానికి బి.టెక్. డిగ్రీ, అందులో కనీసం 65 శాతం మార్కులు ఉండాలి. కాబట్టి ఇంకా బి.టెక్. చదువుతున్న పిల్లలుంటే, పీజీ సంగతి తరువాత, ముందు ఆ 65 తగ్గకుండా చూసుకోమనండి. డి.ఆర్.డి.ఓ. సైంటిస్టుల ఎంపికకి గేట్ స్కోరు చూస్తుంది. ఇప్పుడు ప్రైవేటు వాళ్ళూ వచ్చారు. హైదరాబాద్ కంపెనీ స్కైరూట్ తయారుచేసిన విక్రమ్-ఎస్ రాకెట్టు 2022 నవంబరు 18న మన శ్రీహరికోట నుంచే ఎగిరింది. దేశంలో ఒక ప్రైవేటు కంపెనీ చేసిన మొదటి రాకెట్టు అదే.

అమెరికా వెళ్తేనో?

మా అమ్మాయిని తీసుకుని మా ఊళ్ళోనే ఒక కన్సల్టెన్సీకి వెళ్ళాం. "అమెరికాలో ఎం.ఎస్. ఏరోస్పేస్ చేయించండి మేడం, నాసాలో ఉద్యోగం" అని అరగంటలో ఆకాశానికి ఎత్తేశారు. మాకు కాఫీ కూడా ఇచ్చారు. కానీ ఒక్క విషయం చెప్పలేదు. అది మా అమ్మాయే వెతికి తెలుసుకుంది.

అమెరికాలో రాకెట్లు, క్షిపణుల సాంకేతిక విషయాలు చాలా వరకు ఆయుధాల చట్టం కిందికి వస్తాయి. ఆ వివరాలు ఆ దేశ పౌరులకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ తప్ప మామూలుగా ఇంకెవరికీ చూపించకూడదు. నాసాలో ప్రభుత్వ ఉద్యోగానికీ మామూలుగా పౌరసత్వం అడుగుతారు. మన కల్పనా చావ్లానే తీసుకోండి. 1982లో చండీగఢ్ లో ఏరోనాటికల్ డిగ్రీ, 1984లో టెక్సాస్ లో ఎం.ఎస్., 1988లో కొలరాడోలో డాక్టరేట్ చేసింది. 1991లో అమెరికా పౌరసత్వం వచ్చాకే వ్యోమగామి అయ్యే దారి తెరుచుకుంది. 1994లో ఎంపికైంది.

అంటే ఏరోస్పేస్ కోసం అమెరికా వెళ్ళకూడదని కాదు. అక్కడి యూనివర్సిటీలు గొప్పవే. చదువయ్యాక మూడేళ్ళ దాకా పని నేర్చుకునే అనుమతీ ఉంది. కానీ అదే కంప్యూటర్లు చదివినవాళ్ళకి తెరుచుకున్నన్ని తలుపులు, మన దేశపు పాస్‌పోర్టుతో వెళ్ళిన ఏరోస్పేస్ పిల్లలకి తెరుచుకోవు. అప్పు పత్రం మీద సంతకం పెట్టకముందే ఈ సంగతి తెలియాలి కదా!

ఎం.కాం.? సి.ఎ.?

ఇక మా మేనల్లుడి సంగతి. ఎం.కాం. రెండేళ్ళ కోర్సు. పెద్ద అకౌంట్స్, కాస్టింగ్, ఆదాయపు పన్ను, జి.ఎస్.టి., ఆడిటింగ్ లాంటివి ఉంటాయి. తెలంగాణ యూనివర్సిటీల్లో సీటుకి సీపీగెట్, ఆంధ్రప్రదేశ్ లో ఏపీ పీజీసెట్ రాయాలి. ఫీజు మధ్యతరగతికి అందుబాటులోనే ఉంటుంది. ఎం.కాం. తరువాత నెట్ పాసయితే డిగ్రీ కాలేజీ లెక్చరర్ ఉద్యోగానికి అర్హత వస్తుంది. పాఠం చెప్పాలని ఉన్నవాళ్ళకీ, పిహెచ్.డి. చేయాలనుకునేవాళ్ళకీ ఇది సరైన దారి.

కానీ కంపెనీల ఖాతాలు ఆడిట్ చేసి సంతకం పెట్టే హక్కు ఎం.కాం.తో రాదు. అది సి.ఎ.కే ఉంది. 1949లో చట్టం చేసి పెట్టిన సంస్థ ఈ పరీక్షలు జరుపుతుంది. ఫౌండేషన్, ఇంటర్మీడియట్, ఫైనల్ అని మూడు మెట్లు. బి.కాం.లో 55 శాతం వచ్చినవాళ్ళు మొదటి మెట్టు ఎక్కక్కర్లేదు, నేరుగా ఇంటర్మీడియట్ కి వెళ్ళొచ్చు. వేరే డిగ్రీల వాళ్ళకి 60 శాతం కావాలి. ఇంటర్మీడియట్ రెండు గ్రూపులూ పాసయ్యాక ఒక ఆడిటరు గారి దగ్గర ఆర్టికల్స్ చేయాలి. ఇది ఇదివరకు మూడేళ్ళు, 2023 నుంచి రెండేళ్ళే చేశారు. ఆ కాలంలో కొద్దో గొప్పో స్టైపెండు ఇస్తారు.

ఎం.కాం. రెండేళ్ళలో అయిపోతుందని నమ్మకంగా చెప్పొచ్చు. సి.ఎ. అలా కాదు. కష్టపడేవాళ్ళు కూడా రెండు మూడు సార్లు పరీక్ష తప్పడం మామూలే. "ఇంకా అవలేదా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా పిల్లాడు తల దించుకోకుండా మనం వెనక నిలబడగలమా అన్నది చూసుకోవాలి. ఇంకో సంగతి, 2021లో యు.జి.సి. సి.ఎ.ని పీజీతో సమానంగా చూడొచ్చని చెప్పింది. కాబట్టి "సి.ఎ. చేస్తే నెట్ రాయలేడేమో, పీజీ లేకుండా పోతుందేమో" అన్న బెంగ అక్కర్లేదు. రెండూ కావాలనుకుంటే ఆర్టికల్స్ చేస్తూ దూరవిద్యలో ఎం.కాం. చదవొచ్చు గానీ, ముందుగా సి.ఎ. సంస్థ అనుమతి తీసుకోవాలి.

అకౌంట్స్ లో అమెరికా మోజు ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడి ఆడిటర్ల పరీక్ష సి.పి.ఎ. రాయడానికి 2020 నుంచి మన దేశంలోనే సెంటర్లు పెట్టారు. హైదరాబాద్ లోనూ ఉంది. మూడేళ్ళ బి.కాం. ఒక్కటే సాధారణంగా సరిపోదు. ఎం.కాం. గానీ సి.ఎ. గానీ తోడైతే దారి సులువవుతుంది. ఒక్కో రాష్ట్రానికీ ఒక్కో నిబంధన కాబట్టి డబ్బు కట్టేముందు ఏ రాష్ట్రం తరఫున రాస్తున్నామో చూసుకోవాలి.

అప్పుకి ముందు ఒక కాగితం, ఒక పెన్ను

మనం ఇంటి పద్దు రాసుకునే నోటుబుక్కు చాలు. విదేశీ చదువుకి 30 లక్షలు అప్పు, వడ్డీ 11 శాతం అనుకుందాం. ఏడాదికి వడ్డీయే 3,30,000. నెలకి 27,500. పిల్లలు చదువుకుంటున్న రెండేళ్ళూ ఈ వడ్డీ మీటరు తిరుగుతూనే ఉంటుంది. కట్టకపోతే అసలు పైన 6,60,000 చేరి 36,60,000 అవుతుంది. దాన్ని పదేళ్ళలో తీర్చాలంటే నెలకి దాదాపు 50 వేలు కట్టాలి. ఉద్యోగం వచ్చినా రాకపోయినా సరే.

మన దేశంలో మంచి సంస్థలో సీటొస్తే అప్పు ఇంత భయపెట్టదు. 2024 నవంబరులో కేంద్రం ఆమోదించిన పి.ఎం. విద్యాలక్ష్మి పథకంలో, ఎంపిక చేసిన మేలైన సంస్థల్లో చేరినవాళ్ళకి తాకట్టూ, పూచీ లేకుండా అప్పిస్తారు. కుటుంబం ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉంటే, 10 లక్షల వరకు అప్పు మీద చదువుకునే కాలంలో వడ్డీలో 3 శాతం రాయితీ కూడా ఉంది. బ్యాంకుకి వెళ్ళినప్పుడు ఈ పేరు చెప్పి అడగండి.

"ఆడపిల్లకి ఇంత చదువా?"

ఇది ఏ పుస్తకంలోనూ ఉండని పరీక్ష! మా అత్తగారు, పక్కింటి వదినగారు, పెళ్ళిళ్ళ పేరయ్యగారు... అందరిదీ ఒకటే మాట. "ఎం.టెక్. చదివిస్తే అంతకు మించి చదివినవాణ్ణి తేవాలి. ఆ డబ్బేదో పెళ్ళికి దాచకూడదూ?" మేనల్లుడు సి.ఎ.కి ఎన్నేళ్ళు పడుతుందో అని ఒక్కరూ అడగలేదు. మా అమ్మాయికి మాత్రం రెండేళ్ళే ఎక్కువైపోయాయి!

నేను మా ఆయనతో అన్నదొకటే. "ఏమండీ, ఇద్దరికీ ఒకే త్రాసు పెట్టండి. ఎన్నేళ్ళు, ఎంత ఖర్చు, చివర్లో ఏం చేతికొస్తుంది? ఈ మూడూ ఇద్దరికీ రాయండి. అప్పుడు చెప్పండి ఎవరి చదువు బరువో." ఆయన రాశారు. ఎవరి చదువుకి మా చేతి డబ్బు తక్కువ పడుతుందో ఆ కాగితమే చెప్పింది. గేట్ స్కాలర్‌షిప్ తో చదివే ఆడపిల్ల ఎవరికీ భారం కాదు. ప్రస్తుతం అమ్మాయి ఎం.టెక్. మొదటి సంవత్సరం, అబ్బాయి ఆర్టికల్స్ లో ఉన్నారు. రేపు ఏమవుతుందో దేవుడికే తెలియాలి గానీ, తెలిసి వేసిన అడుగులన్న ధైర్యం మాకుంది.

మన మాటేమిటి?

ఇంజనీరింగ్ డిగ్రీలు దూరవిద్యలో చెల్లవు. ఇంట్లో కూర్చుని ఎం.టెక్. అని ఎవరైనా ప్రకటన ఇస్తే నమ్మి డబ్బు కట్టకండి. కానీ కామర్స్ అలా కాదు. హైదరాబాద్ లో 1982లో మొదలైన అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ, ఢిల్లీలో 1985లో మొదలైన ఇగ్నో రెండింట్లోనూ బి.కాం., ఎం.కాం. ఉన్నాయి. గుర్తింపు ఉన్న దూరవిద్య డిగ్రీ మామూలు డిగ్రీతో సమానమని యు.జి.సి. 2022లో మరోసారి చెప్పింది. పెళ్ళితో డిగ్రీ దగ్గర ఆగిపోయిన అక్కచెల్లెళ్ళు పిల్లలు స్కూలుకెళ్ళాక దొరికే ఆ రెండు గంటల్లో ఎం.కాం. చదవొచ్చు. నాలాగా ఇంటర్ దగ్గర ఆగినవాళ్ళు బి.కాం.తో మొదలుపెట్టొచ్చు. ఇంటి జమాఖర్చులు ఇరవై ఏళ్ళుగా రాస్తున్న చేతికి డెబిట్, క్రెడిట్ ఒక లెక్కా?

హాల్లో కూర్చుని అడగాల్సినవి

పీజీ మాట ఎత్తగానే ఈ ప్రశ్నలు అడగండి. ఇంగ్లీషు రానక్కర్లేదు.

1. ఈ కోర్సు అయ్యాక ఏ ఉద్యోగానికి అర్హత వస్తుంది? అది ఈ కోర్సు లేకుండా రాదా?
2. సీటుకి ఏ పరీక్ష? అప్లికేషను ఏ నెలలో?
3. స్కాలర్‌షిప్ ఉందా? ఉంటే నెలకి ఎంత, ఎన్ని నెలలు?
4. పరాయి దేశమైతే, మన దేశం వాళ్ళకి ఆ రంగంలో ఉద్యోగం ఇవ్వడానికి ఏమైనా అడ్డంకులున్నాయా?
5. అప్పయితే, చదువు పూర్తయ్యేనాటికి అసలూ వడ్డీ కలిపి ఎంత? నెలకి ఎంత కట్టాలి?
6. ఈ చదువు చదివిన ఒక్కరితోనైనా మన పిల్లలు మాట్లాడారా?
7. ఇదే కోర్సు కూతురు కాకుండా కొడుకు అడిగితే మనం ఏమనేవాళ్ళం?

మొదటి ప్రశ్నకి జవాబు రాకపోతే పిల్లల్ని కోప్పడకండి. "తెలుసుకుని రా నాన్నా, వారం రోజులు టైముంది" అనండి. తెలుసుకొచ్చిన పిల్లలకి తమ చదువు మీద నమ్మకం కుదురుతుంది. అడిగిన తల్లికి ఇంట్లో మాట విలువ పెరుగుతుంది. కన్సల్టెన్సీ వాళ్ళకి అడ్వాన్సు కట్టేది ఆ తరువాతే.